ఫోల్డరంతా ఎక్కించిన రోజు

పుల్లన్న కనపడకుండా పోయిన రోజు గురువారం. తెల్లవారుతుండగా కుళాయి దగ్గరికి వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. ఓబుళేశు వెళ్లేసరికి కుళాయి గట్టు మీద బిందె నిండుగా ఉంది. దాని పక్కన పుల్లన్న చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. తడిమట్టిలో జీపు టైర్ల అచ్చులు పడ్డాయి. పెనుగులాడిన గుర్తు మాత్రం ఎక్కడా లేదు. నలుగురైదుగురు ఒక్కసారిగా మీద పడి ఉండాలి.

ఓబుళేశు ఆ చెప్పుల్ని చాలాసేపు చూశాడు. అవి అతనే కొనిచ్చినవి.

ఓర్వకల్లు దాటి, రాళ్లగుట్టల వెనకనున్న ఆ పల్లెను ఎంచింది కూడా అతనే. కమలాపురం దగ్గర నాపరాళ్ల క్వారీలో హెచ్చరిక లేకుండా మందు పేల్చడంతో కింద రాయి కొడుతున్న ఇద్దరు కూలీలు చనిపోయారు. పేల్చమని చెప్పింది యజమాని తమ్ముడేనని కళ్లారా చూసి చెప్పగలవాడు పుల్లన్న ఒక్కడే. సోమవారం కడప కోర్టులో అతని సాక్ష్యం. అంతవరకు అతన్ని కాపాడమని చనిపోయినవాళ్ల తరఫు వకీలు ఓబుళేశును పెట్టుకున్నాడు. ఓబుళేశు ఒకప్పుడు పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్. ఇప్పుడు కర్నూలులో సొంతంగా డిటెక్టివ్ పని చేస్తున్నాడు.

పుల్లన్నను వరసకు అక్కయ్యే లక్ష్మీదేవమ్మ ఇంట్లో పెట్టి నెల దాటింది. తీసుకొచ్చిన రోజే ఓబుళేశు అతనికి గుండు కొట్టించాడు, మీసం తీయించాడు. పోనివి మాత్రం అట్లాగే ఉన్నాయి. పేలుడులో ఎడమచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. మందు రవ్వలు మెడలోకీ దవడలోకీ దిగి నల్లటి చుక్కలుగా నిలిచిపోయాయి. సబ్బుకు పోయే చుక్కలు కావవి.

"బయటికి పోనీయొద్దని చెప్పింటి కదమ్మా" అన్నాడు ఓబుళేశు.

"చెప్పింటివప్పా. నాకు మోకాళ్లు పట్టేసినాయని వాడే బిందె తీసుకున్యాడు. ఇంకా మసకగానే ఉండాది, ఎవరు చూస్తారక్కా అన్యాడు." లక్ష్మీదేవమ్మ గడప మీద కూర్చుని ఉంది. "నెల్లాళ్లు ఇంట్లో కూచోమంటే మొగమనిషి యాడ కూచుంటాడు."

ఆ తర్వాత ఆమె ఇంకేమీ అనలేదు. ఒక మాట అని ఉంటే బాగుండునని ఓబుళేశుకు అనిపించింది. ఎవ్వరికీ తెలియదు, నాదీ పూచీ అని ఆమెకు చెప్పింది తనే.

లోపలినుంచి ఒక ఆడమనిషి చెంబుతో నీళ్లు తెచ్చింది. కొంగు తల మీదుగా, చెంపలు కూడా కనపడకుండా లాక్కుని ఉంది. చెంబు గడప మీద పెట్టి, తల ఎత్తకుండానే లోపలికి వెళ్లిపోయింది.

"ఎవరమ్మా?"

"నాకు చెల్లెలు వరస. సాయానికొచ్చి ఉండాది."

ఓబుళేశు నీళ్లు తాగి చెంబు పక్కన పెట్టాడు. "ఊర్లోకి కొత్తోళ్లు ఎవరైనా వచ్చినారా ఈ మధ్య?"

"ఎవరొస్తారప్పా ఈ గుట్టల్లోకి. సోమవారం మాత్రం పేపరాయన వచ్చినాడు, నీళ్లు రావటం లేదని రాసేకి. ఫోటోలు పట్టుకున్యాడు. నిన్న పేపర్లో మా బిందెలన్నీ పడినాయి. మా మొగాలు కంటే బిందెలే బాగా పడినాయి."

ఆమె పేపరు తెచ్చి ఇచ్చింది. 'హంద్రీ వార్త', కర్నూలు జిల్లా పేజీ. కుళాయి ముందు వరస పెట్టిన బిందెలు, వాటి వెనక ఆరుగురు ఆడవాళ్లు. పుల్లన్న లేడు. లక్ష్మీదేవమ్మ ఇల్లూ లేదు. ఫోటో ఎడమ అంచున మాత్రం ఒక తలుపు చెక్క సన్నగా, బెత్తెడు కూడా లేకుండా కనిపిస్తోంది.

ఆ చెక్కకు అవతల ఏముందో ఫోటో తీసినవాడికి తెలుస్తుంది. ఓబుళేశు పేపరు మడిచి చంకలో పెట్టుకుని, కర్నూలు వైపు బండి తిప్పాడు.

*

హంద్రీ వార్త ఆఫీసు మెట్లెక్కేసరికి ఇన్‌స్పెక్టర్ కిరణ్‌కుమార్ అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఓబుళేశు ఉద్యోగం మానేసే నాటికి అతను కొత్తగా వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టర్. అప్పుడు సెల్యూట్ చేయించుకునేవాడు, ఇప్పుడు అన్నా అంటాడు. అందులో మర్యాద తక్కువ.

"రా ఓబుళేశన్నా, రా. వకీలు ఫోను చేస్తే, నువ్వు దాచిపెట్టిన మనిషిని వెతికేకి మేమొచ్చినాం. దాచినోడికి తెల్దు గానీ వాన్ని ఎత్తుకుపోయినోడికి దారి బాగా తెలిసింది."

"నీకు ఈ ఆఫీసు దారి ఎట్ల తెలిసింది?"

"నీ మాదిరి పేపరు చంకలో పెట్టుకుని కాదులే. క్వారీ యజమాని తమ్ముడి సెల్‌ఫోను మా నిఘాలో ఉండాది. నిన్న సాయంత్రం నాలుగింటికి ఆ నంబరుకు ఈ ఆఫీసు ఫోన్నుంచి కాల్ పోయింది. శానా చిన్న కాల్. రాత్రికి కడపలో జీపు బయల్దేరింది." కిరణ్‌కుమార్ మూలనున్న గాజు తలుపు గది వైపు గడ్డంతో చూపించాడు. "ఫోను ఆ గదిలోది. ఆ గదిలో కూచునేది ఒక్క పిల్లే."

గాజు తలుపు వెనక ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పేరు పద్మప్రియ. కడపలో జర్నలిజం చదువుతోంది. పేపరును వెబ్‌సైట్‌లో పెట్టే పని నేర్చుకోవడానికి రెండు నెలల శిక్షణకు ఇక్కడికి వచ్చింది. ఈ వివరాలు చెప్పింది ఆ విభాగం ఇన్‌చార్జి శివప్రసాద్. నలభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. వెబ్‌సైట్ పెట్టక ముందు కమలాపురంలో విలేకరిగా చేశాడు.

"మంచి పిల్లే సార్" అన్నాడు శివప్రసాద్. "అట్ల చేసుంటాదని నేను అనుకోను. కానీ ఈ కాలం పిల్లలు, ఎవరితో ఏం మాట్లాడతారో మనకేం తెలుస్తాది. వాళ్లదీ కడపే కదా."

"కడపోళ్లంతా క్వారీ వాళ్లకు చుట్టాలా?" అన్నాడు ఓబుళేశు.

"నేనట్ల అన్లేదన్నా."

కిరణ్‌కుమార్ బల్ల మీదికి ఒక జిరాక్సు కాయితం తోశాడు. కేసు ఫైలులోని పుల్లన్న ఫోటో. గుబురు మీసం, నుదుటి మీదికి పడే రింగుల జుట్టు. కింద 'కనబడుటలేదు' అని రాసి ఉంది. "ఇది రేపటి పేపర్లో వేయాల. మొదటి పేజీలోనే."

శివప్రసాద్ కాయితం అందుకుని చూశాడు. "వేస్తాం సార్, దాందేముంది. గుండుతో తిరిగే మనిషిని ఈ ఫోటో చూసి ఎవరు గుర్తుపడతారో మరి."

"అది నీకెందుకు, వేయమన్నది వెయ్యి" అన్నాడు కిరణ్‌కుమార్. "ఓబుళేశన్నా, ఆ పిల్లను స్టేషన్‌కు తీసుకుపోతాండా. ఆడ అడిగితే అరగంటలో చెప్తాది."

"ఈడ అడిగితే చెప్పదా?"

"రెండు గంటల్నుంచి అడుగుతాండా. నాలుగింటికి యాడున్నావంటే నోరు తెరవదు. అబద్ధం కూడా చెప్పదు. తప్పు చేసినోళ్లే అట్లుంటారు."

"సిగ్గుపడినోళ్లు కూడా అట్లే ఉంటారు. పది నిమిషాలు నన్ను అడగనీ. ఆ కంప్యూటర్ కూడా చూడాల."

"నీకు కంప్యూటర్ వచ్చునా అన్నా?"

"రాదు. అందుకే ఆమెను అడుగుతా."

శివప్రసాద్ లేచాడు. "మీరు మాట్లాడుకోండి సార్. నేను పోయి టీ చెప్పొస్తా. మా ఆఫీసు కుర్రోడు ఈరోజు రాలేదు."

"పోయిరాప్పా. నాకు చక్కెర తక్కువ" అన్నాడు కిరణ్‌కుమార్, తల తిప్పకుండానే.

*

గది చిన్నది. ఒక కంప్యూటర్, ఒక టెలిఫోను, రెండు కుర్చీలు. తలుపుకు గడియ లేదు. ఫోనుకు తాళమూ లేదు. కంప్యూటర్ నుదుటిన ఒక చీటీ అంటించి ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ రాసి ఉన్నాయి. ఓబుళేశు ఒక కుర్చీ లాక్కుని, అమ్మాయి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చున్నాడు. కిరణ్‌కుమార్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఈ ఫోను ఎవరెవరు వాడతారమ్మా?"

"అందరూ వాడతారు సార్. బయట ఫోన్లకు ఎస్టీడీ లేదు. దీనికొక్కదానికే ఉండాది." ఆమె గొంతు వినపడీ వినపడనట్లుంది.

ఓబుళేశు కిరణ్‌కుమార్ వైపు చూశాడు.

"ఏం నేర్చుకుంటాండావు ఈడ?"

"పేపర్లో వచ్చిన వార్తల్ని వెబ్‌సైట్‌లో పెట్టేది సార్. పేపరు అక్షరాలు వెబ్‌కు పనికిరావు, మార్చాల. హెడ్డింగు కుదించాల. ఫోటో ఎక్కించి వార్తకు లింకివ్వాల."

ఓబుళేశు పేపరు విప్పి బిందెల ఫోటో చూపించాడు. "దీన్ని ఎక్కించింది నువ్వేనా?"

ఆమె మొహం పాలిపోయింది. ఆ ప్రశ్న కోసమే పొద్దుటినుంచి ఎదురుచూస్తున్నట్లు కళ్లు మూసుకుని తెరిచింది.

"నేనే సార్. ఫోల్డరంతా ఎక్కించినా."

"అంటే?"

"ఫోటోగ్రాఫర్ హనుమన్న ఊరికి పోయొస్తే, ఆ ఊర్లో పట్టిన ఫోటోలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెడతాడు. ఊరి పేరు, వెనక ఒకటి, రెండు, మూడు. ఎప్పుడైనా అంతే. పేపర్లో ఒక్క ఫోటోనే వేస్తారు. ఈడ నెట్ లైను ఊరికే తెగిపోతాది సార్. అందుకని ఏరుకుంటా కూచోకుండా, మధ్యాహ్నం లైను బాగున్నప్పుడు మొత్తం ఫోల్డర్‌ను పంపించేసి అన్నానికి పోతాం. వచ్చినాక కావాల్సిన దానికి మాత్రం లింకిస్తాం."

"మిగతావి?"

"సాయంత్రం తీసేయాలంట. అది నాకు ఈ పొద్దు తెలిసింది." ఆమె ఒళ్లోని చేతుల్ని చూసుకుంది. "నిన్న నేను అడిగినా సార్. బిందెల ఫోటో ఒక్కటీ పెడితే సరిపోదా అని. శివప్రసాద్ సార్ వచ్చి ఫోటోలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసినాడు. ఎప్పుడూ మొత్తం పంపిస్తాం కదా, పంపీ అన్నాడు. పంపించినా."

"లింకివ్వని ఫోటో జనాలకు కనపడదు కదా?"

"కనపడదనే అనుకున్నా."

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తెర మీద బిందెల ఫోటో వచ్చింది. పైన పొడుగాటి ఇంగ్లీషు అడ్రసు, చివర ఒకటి అంకె. ఆమె ఆ ఒకటిని తీసేసి మూడు కొట్టింది.

ఫోటో ఒక్కసారిగా రాలేదు. పైనుంచి కిందికి, చాప విప్పినట్లు అంగుళం అంగుళం దిగింది. ముందు బోదగడ్డి ఇంటికప్పు అంచు. తర్వాత తలుపు పైచెక్క, దాని మీద పసుపు కుంకుమ. తర్వాత నున్నటి గుండు. ఆ తర్వాత పుల్లన్న మొహం. కుళాయి దగ్గరి సందడి చూస్తూ చిన్నగా నవ్వుతున్నాడు. ఫోటో ఇంకా దిగింది. తలుపు చెక్కను పట్టుకున్న ఎడమచెయ్యి కనపడింది. మూడు వేళ్లు.

ఓబుళేశు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. గుండు కొట్టించాను, మీసం తీయించాను, గడపలో నిలబడవద్దని ఎందుకు చెప్పలేకపోయాను అనుకున్నాడు.

"ఈ మనిషి ఎవరో నాకు తెల్దు సార్" అంది పద్మప్రియ. "పొద్దున ఈ సార్ వచ్చి మనిషి పోయినాడని ఊరి పేరు చెప్పినంక, ఫోటోలన్నీ తెరిచి చూసినా. అప్పుడు అర్థమయింది."

"అర్థమయితే నాకేంటికి చెప్పలేదు?" అన్నాడు కిరణ్‌కుమార్ తలుపు దగ్గరినుంచి.

ఆమె తల ఇంకా వంచుకుంది.

"చెప్పేకి నోరు రాలేదు" అన్నాడు ఓబుళేశు ఆమె బదులు. "పాపా, ఒక మాట అడుగుతా. నిన్న నాలుగింటికి యాడున్నావు?"

ఆమె కీబోర్డును పక్కకు జరిపింది.

"నువ్వు చెప్పకపోతే ఈ సార్ నిన్ను జీపులో ఎక్కిస్తాడు. అసలు మనిషి ఇంటికి పోయి అన్నం తింటాడు. పుల్లన్న అనే ఆయన బతికుంటే, ఆ టైమంతా పోతుంది."

"ఎదురుగా నెట్ సెంటర్‌లో" అంది ఆమె చివరకు. "ఖాదర్ భాయి సెంటర్‌లో."

"ఈడ కంప్యూటర్ పెట్టుకుని ఆడికేంటికి?"

"నాకు ఈ పని రాదు సార్." ఆమె కన్నీళ్లు తుడుచుకోలేదు. "శిక్షణకు తీసుకునేటప్పుడు, చేసిన వెబ్ పేజీ ఏదైనా చూపించమన్నారు. నా స్నేహితురాలు చేసింది నాదని చూపించినా. వచ్చినాక ఏదడిగినా తెల్దు. రోజూ నాలుగింటికి టీకని చెప్పి పోయి, ఖాదర్ భాయి దగ్గర నేర్చుకుని వచ్చి చేస్తాండా. ఆ సంగతి తెలిస్తే కాలేజీకి రాస్తారని..."

"స్టేషన్‌కు పోయేదాని కంటే అదే ఎక్కువ సిగ్గా?" అన్నాడు కిరణ్‌కుమార్. ఈసారి అతని గొంతులో కోపం లేదు.

"పొద్దున అట్లనే అనిపించింది సార్."

కిరణ్‌కుమార్ కానిస్టేబుల్‌ను పంపి ఖాదర్‌ను పిలిపించాడు. ఖాదర్ లుంగీ సర్దుకుంటూ వచ్చి, ఇన్‌స్పెక్టర్‌ను చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఈ బిటియా రోజూ వస్తాది సాబ్. నిన్న కూడా నాలుగింటికే వచ్చింది. ఫోటో పక్కన అక్షరాలు నిలబడటం లేదని కూచోని ఏడ్చింది. అయిదున్నర దాకా మా దగ్గరే ఉండాది. నాకు వచ్చేది కూడా అరకొరే సాబ్, ఏదో ఇద్దరం కలిసి లాగిస్తాండాం." అతను ఆమె వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "నేర్చుకునేది తప్పు పని కాదు కదమ్మా. ఏంటికి దాచిపెట్టినావు?"

ఆమె అప్పుడు కళ్లు తుడుచుకుంది. ఖాదర్ సలాం చేసి వెళ్లిపోయాడు.

తెర మీద పుల్లన్న నవ్వుతూనే ఉన్నాడు. ఓబుళేశు ఆ గుండు వైపు చూస్తూ కూర్చున్నాడు. చటుక్కున తలుపు వైపు తిరిగాడు.

"కిరణ్‌కుమార్, ఒకటి చెప్పు. ఈ తెర చూడకముందు, పుల్లన్న ఎట్లుంటాడని అనుకున్నావు?"

"ఏముంది? గుబురు మీసం, రింగుల జుట్టు. నా ఫైల్లో ఉండేది అదే కదా."

"గుండు సంగతి నీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే చూస్తాండా."

"గుండు కొట్టించింది నేను. వకీలుకు కూడా చెప్పలేదు. ఆ పల్లెలోనోళ్లకు వాడు పుల్లన్నని తెల్దు. నీ జిరాక్సులో జుట్టు ఉండాది, పేపర్లో పడిన ఫోటోలో మనిషే లేడు." ఓబుళేశు ఒక్కొక్క మాటా నిలిపి అన్నాడు. "పుల్లన్న ఇప్పుడు గుండుతో ఉన్నాడని తెలియాలంటే, ఈ మూడో ఫోటో చూసుండాల. చూసి, అతను పుల్లన్నేనని గుర్తుపట్టుండాల. ఇందాక బయట ఆ మాట ఎవరన్నారు?"

కిరణ్‌కుమార్ తలుపు వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"శివప్రసాద్" అన్నాడు.

"కమలాపురంలో విలేకరిగా చేసినోడు. క్వారీ వార్త మొదట రాసింది వాడే అయుండాల. తెగిన వేళ్లు అప్పుడే చూసుంటాడు. నిన్న మధ్యాహ్నం ఫోటోలు ఒక్కొక్కటే తెరిచినప్పుడు ఆ చెయ్యి కనపడింది. ఫోటో తను పంపలేదు. ఈ పిల్లతో పంపించినాడు. నాలుగింటికి ఈమె బయటికి పోతాదని తెలుసు కాబట్టి, ఈమె కుర్చీలో కూచోని ఊరి పేరు, అడ్రసు, మూడు అనే అంకె, అంతే చెప్పినాడు. కడపలో ఏ నెట్ సెంటర్‌లో కూచున్నా చూసుకోవచ్చు. రేపు ఎవరైనా అడిగితే, ఎక్కించింది కొత్త పిల్ల."

కిరణ్‌కుమార్ అప్పటికే బయటికి పరుగెత్తాడు. బూట్ల చప్పుడు మెట్ల మీదినుంచి కిందికి పోయింది, కాసేపటికి పైకి వచ్చింది. అతను గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు.

"బండి లేదు. టీ అంగడికి పోనేలేదంట. సెల్‌ఫోను ఆపేసినాడు." కొంచెం ఆగి అన్నాడు. "నేనే పొమ్మన్నా. చక్కెర తక్కువని కూడా చెప్పినా."

"ఆ గుండు మాట నేనూ విన్నా" అన్నాడు ఓబుళేశు. "నాకు తెలిసిన సంగతి కదా, వినేకి వింతగా లేదు. నా ముందునుంచే నడిచిపోయినాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కిరణ్‌కుమార్ వైర్‌లెస్‌లో శివప్రసాద్ బండి నంబరు చెప్పి, కడప రోడ్డు, నంద్యాల రోడ్డు ఆపమన్నాడు. అతని గొంతులో పొద్దుటి బిగువు లేదు.

"ముందు ఆ ఫోటో తీసేయమ్మా" అన్నాడు ఓబుళేశు.

"తీసేయలేను సార్. పొద్దున్నుంచి ప్రయత్నం చేస్తాండా." ఆమె కంప్యూటర్ మీది చీటీని చూపించింది. "ఇది పాస్‌వర్డ్. ఇది కొడితేనే లోపలికి పోయి తీసేయగలం. పొద్దున వచ్చి చూస్తే తీసుకోవటం లేదు. నన్ను తీసేసినారేమో, అందుకే మార్చినారేమో అనుకున్నా. మార్చేది శివప్రసాద్ సార్‌కు ఒక్కరికే తెలుసు."

"చూసేకి పాస్‌వర్డ్ అక్కర్లేదా?"

"చూసేకి అక్కర్లేదు. అడ్రసు తెలిస్తే చాలు."

వెబ్‌సైట్‌ను నడిపే కంపెనీ హైదరాబాదులో ఉంది. కిరణ్‌కుమార్ ఫోను చేసి తన హోదా చెప్పాడు. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఎవరి పేరు మీద తీసుకున్నారో వాళ్లు రాసిస్తే తప్ప దేన్నీ తాము ముట్టుకోబోమన్నాడు. ఎవరి పేరు మీద ఉందని అడిగితే శివప్రసాద్ పేరు చెప్పాడు. పోలీసు కాగితం పంపిస్తే పైవాళ్లకు చూపిస్తానన్నాడు. పైవాళ్లు రేపు వస్తారన్నాడు.

"పుల్లన్న ఫోటో ఉంటేనేం, పోతేనేం అన్నా" అన్నాడు కిరణ్‌కుమార్ ఫోను పెట్టేసి. "చూడాల్సినోళ్లు చూసేసినారు."

అది నిజమే. ఓబుళేశు లేవబోయి ఆగాడు. "ఫోల్డర్‌లో ఇంకా ఎన్ని ఉన్నాయి పాపా?"

"పదకొండు సార్. శానా మటుకు బిందెలే. నాలుగులో మాత్రం అదే ఇంటి ముందర ఒకామె ఉండాది."

"చూపించు."

ఆమె మూడు తీసేసి నాలుగు కొట్టింది. ఫోటో మళ్లీ పైనుంచి దిగింది. ముందు ఇత్తడి బిందె. దాన్ని తల మీదికి ఎత్తుకుంటున్న రెండు చేతులు. చేతులు రెండూ పైకి లేచి ఉండడంతో కొంగు భుజం మీదికి జారిపోయింది. కెమెరా వైపు సగం తిరిగిన మొహం. ఆ చెంప మీద, చెవి కింద, మెడ పొడుగునా ఆవాలు చల్లినట్లు నల్లటి చుక్కలు.

ఓబుళేశు కుర్చీలోనుంచి లేచాడు.

"ఏమన్నా?" అన్నాడు కిరణ్‌కుమార్.

"పొద్దున నాకు చెంబుతో నీళ్లిచ్చింది ఈమె. కొంగు మొహం మీదికి లాక్కుని ఇచ్చింది. సిగ్గుపడుతుందేమో అనుకున్నా."

"ఆ చుక్కలేంటివి? అమ్మవారు పోసిందా?"

"మందు రవ్వలు. పుల్లన్న మెడ మీద ఉండేవీ ఇవే. పేలుడప్పుడు క్వారీ అంచున నిలబడితే తప్ప ఇట్ల పడవు." ఓబుళేశు తెర మీదినుంచి చూపు తిప్పలేదు. "ఎన్నిసార్లు అడిగినా ఒకే మాట చెప్పేవాడు. పైన నేనొక్కడినే ఉన్నా సార్, ఇంకెవరూ లేరు అని. అడగకముందే చెప్పేవాడు. ఈమెను కాపాడేకి అట్ల చెప్పినాడు. పేలుడు చూసింది ఇద్దరు."

"అయితే సోమవారం కోర్టులో పుల్లన్న లేకపోయినా..."

"ఈమె ఉండాది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ తెల్దు." అతను పద్మప్రియ వైపు తిరిగాడు. "మూడు తెరిచి చూసినోడు నాలుగు కూడా నొక్కి చూస్తాడా?"

ఆమె తెర మీది అడ్రసులో చివరి అంకెను చూసింది. మాట తడబడలేదు.

"చూస్తాడు సార్. పొద్దున నేనూ అట్లే వరసగా నొక్కినా."

కిరణ్‌కుమార్ ఓర్వకల్లు స్టేషన్‌కు ఫోను చేసి జీపు పంపమన్నాడు. జీపు శివప్రసాద్ కోసం రోడ్డు మీదికి వెళ్లిందని అక్కడినుంచి చెప్పారు. అతను గట్టిగా ఒక తిట్టు తిట్టి, వెంటనే అమ్మాయి వైపు చూసి నోరు మూసుకున్నాడు. "నేనే పోతా. అన్నా, నువ్వు నా జీపులో రా. దారి నీకు తెలుసు."

లక్ష్మీదేవమ్మ పక్కింట్లో ఒక ఫోను ఉంది. ఓబుళేశు ఆ నంబరు కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపాడు.

పద్మప్రియ తలెత్తింది. "నా వల్లే కదా సార్?"

ఓబుళేశు రిసీవరు చెవి దగ్గరే ఉంచుకుని ఆమెను చూశాడు. కాదని చెప్పడం తేలిక. అట్లా తేలికగా ఒకరికి ఇచ్చిన పూచీ ఈ పొద్దునే వమ్మయింది.

"ఎక్కించింది నువ్వు. ఫోన్లో ఫోటో నంబరు చెప్పింది నువ్వు కాదు. రెండూ గుర్తుపెట్టుకో" అన్నాడు. "ఆ మనిషి ఏ పాస్‌వర్డ్ పెట్టుంటాడో నీకు ఏమన్నా తోస్తాదా?"

"తెల్దు సార్. కొట్టి చూస్తా."

"చూడు. ఈ కుర్చీ వదలొద్దు."

అతను మెట్లు దిగుతుండగా వెనకనుంచి కీబోర్డు చప్పుడు వినపడింది. ఆగింది, మళ్లీ మొదలైంది. కింద కిరణ్‌కుమార్ జీపు స్టార్ట్ చేసి ఉంచాడు. ఓబుళేశు ఎక్కుతూ తన సెల్‌ఫోనులోంచి ఇంకోసారి ఆ నంబరు కలిపాడు.

పక్కింటివాళ్లు ఫోను ఎత్తలేదు. పుల్లన్న దొరకలేదు. నాలుగో ఫోటోను ఇంకా తీసేయలేదు.